ఒకదానికొకటి తగలని రెండు కట్టలు

మా బ్యాంకు వెనక రోడ్డులో రహ్మాన్ సీట్ కవర్ల షాపు ఉంది. శుక్రవారం పొద్దున దానికి తాళం వేసి ఉంటుంది. నమాజుకి ఇంకా బోలెడు టైముండగా షాపు మూయడమేమిటని కొత్త గిరాకీలు విసుక్కుంటారు. పాతవాళ్లకు సంగతి తెలుసు. ఆ వేళకు అతను లుంగీ మోకాళ్ల పైకి మడిచి, చీపురూ బకెట్టూ పట్టుకుని తన వీధి చివరనున్న మరుగుదొడ్లు కడుగుతుంటాడు. ఎవరూ పెట్టిన పని కాదు, ఎవరూ జీతం ఇవ్వరు. పదేళ్లు గల్ఫులో చేసొచ్చిన మనిషి, షాపులో ఇద్దరు పనివాళ్లున్న మనిషి, ఆ పని మాత్రం వేరేవాళ్ల చేతికి ఇవ్వడు.

ఎంత పుణ్యాత్ముడో అని ఎవరైనా అంటే బకెట్టు అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోతాడు. మళ్లీ వాళ్లు పోయాకే వస్తాడు. నేనైతే ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆ దొడ్ల వెనక ఉన్న కథలో నా చేతిరాత కూడా ఉంది.

నా పేరు హేమ. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి నిరుడే రిటైరయ్యాను. అందులో సగం కాలం బెంజ్ సర్కిల్ దగ్గరి బ్రాంచిలో, కొత్త ఖాతాలు తెరిచే కౌంటర్లో గడిచింది. నాకు నోరెక్కువ అన్న విషయంలో నాతో పనిచేసిన మేనేజర్లకు భేదాభిప్రాయం లేదు. ఫారం తప్పుగా నింపి తెచ్చినవాణ్ణి నిలబెట్టి నాలుగు అంటించి, ఆ తర్వాత నేనే కూర్చుని సరిచేసి పంపేదాన్ని. మంచి చేస్తున్నప్పుడు మాట ఎలా ఉన్నా ఫర్వాలేదని అప్పట్లో నా నమ్మకం.

రహ్మాన్‌ది ఆటోనగర్ వెనక, బందరు కాలువకు దగ్గరగా ఉన్న ఇరుకు వీధి. తండ్రి లారీ సీట్లు కుట్టేవాడు. ఒక వేసవిలో జబ్బుపడి, రోజువారీ ఫైనాన్స్ నడిపే ఒకతని దగ్గర మూడు వేలు తీసుకున్నాడు. తీసుకున్నదానికి రెండింతలు కట్టాక కూడా అసలు అసలులాగే ఉందని చెప్పి, ఆ ఫైనాన్స్ మనిషి ఇంట్లోని కుట్టుమిషను రిక్షాలో వేయించుకుని పోయాడు. తండ్రి ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. తల్లి ఆమినాబీ దబ్బనం పట్టుకుని లారీ మీద కప్పే పట్టాలు చేత్తో కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. పట్టా కుట్టుకు మూరల లెక్కన కూలి. ఆవిడకు అక్షరం ముక్క రాదు. అయినా ఎన్ని మూరలకు ఎంత, అందులో దారం ఖర్చు ఎంత, మేస్త్రీ నొక్కేసింది ఎంత అన్నది కుట్టు ముగిసేలోపు నోటితోనే తేల్చేసేది. లెక్కలో ఆవిడను మోసం చేయగలిగినవాడు ఆటోనగర్లో లేడని రహ్మాన్ ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. చెప్పి తల దించుకుంటాడు.

వడ్డీ ముట్టడం తమ మతంలో తప్పని ఆవిడ చిన్నప్పుడే విన్నది. మిషను రిక్షా ఎక్కిన రోజున అది ఆవిడ ఒంటికి పట్టింది. ఆ తర్వాత పస్తులున్న రోజున కూడా ఒక్క రూపాయి వడ్డీకి తేలేదు. చేతిలో నాలుగు రాళ్లున్న రోజున ఎవరికీ వడ్డీకి ఇవ్వలేదు. ఆవిడకున్న కోరిక ఒక్కటే, చచ్చిపోయేలోగా హజ్ చేసి రావాలి. అదీ ఒళ్లు వంచి సంపాదించిన డబ్బుతో, ఒక్క రూపాయి మచ్చ లేకుండా వెళ్లాలి.

తొంభై నాలుగులో రహ్మాన్ భార్య మెడలోవి అమ్మి వీసా కొనుక్కుని మస్కట్ వెళ్లాడు. అక్కడ కార్ల సీట్లు కుట్టే వర్క్‌షాపులో పని. వెళ్లేముందు తల్లికి ఒక మాట ఇచ్చాడు. మొదటి ఏడాది మిగిలిందంతా నీ హజ్‌కే అన్నాడు. ఆ ఏడాదంతా ఇక్కడి ఇల్లు ఆమినాబీ దబ్బనం మీదనే గడిచింది. కోడలికీ మనవరాలికీ కూడా ఆవిడే వండి పెట్టింది.

అక్కడ రహ్మాన్ ఉన్నది ఎనిమిది మంది పడుకునే గది. జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. అతను దాన్ని పరుపు కుట్టు విప్పి లోపల దాచి, మళ్లీ తన సూదితోనే కుట్టేసేవాడు. ఏడాది దాటాక పక్క మంచం అతని డబ్బు పోయింది. గొడవ యజమాని దాకా వెళ్లింది. ఇకమీదట అందరూ బ్యాంకు ఖాతాలు తెరవాల్సిందే, లేకపోతే జీతాలు లేవని ఆయన తేల్చి చెప్పాడు. ముప్పై ఏళ్లు వచ్చినా రహ్మాన్ అప్పటిదాకా బ్యాంకు గుమ్మం ఎక్కలేదు. ఇప్పుడు పరుపులోని యాభై వేలకు సరిపడే డబ్బును ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చింది.

అతని ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి వర్క్‌షాపు ఎదురుగా ఉన్న అక్కడి బ్యాంకుది. అందులో డబ్బు వేసింది వేసినట్టే ఉంటుంది, పెరగదు. రెండోది డబ్బు పంపే ఆఫీసులో పంచిపెట్టిన పసుపు కరపత్రం. విజయవాడలోని మా బ్రాంచిది, తెలుగులో ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడినుంచే సంతకం చేసి ఇక్కడ అయిదేళ్ల డిపాజిట్ వేసుకోవచ్చు. ఆ కరపత్రం రాసింది నేనే. 'మీ చెమటకు మా వడ్డీ తోడు' అని పైన పెద్దక్షరాలతో పెట్టాను. అది చదివి మేనేజరు మురిసిపోయి నాకు స్టీలు క్యారియరు బహుమతి ఇప్పించాడు. ఆ క్యారియర్లో చాలా ఏళ్లు అన్నం పట్టుకెళ్లాను.

రహ్మాన్ రెండు కాగితాలూ తీసుకెళ్లి హబీబ్‌కు చూపించాడు. హబీబ్ బందరు మనిషి, ఆ గదిలో అందరికంటే పెద్దవాడు. గదికి వంటా ఆయనే, తగువుల తీర్పరీ ఆయనే. ఆయన పసుపు కాగితం తిప్పి ఇచ్చేశాడు.

"వడ్డీ ఖాతా మనకొద్దు తమ్ముడూ. పొరపాటున పడిందే అనుకో, ఆ పెరిగింది నీది కాదు. తినకూడదు, మసీదుకి ఇవ్వకూడదు, హజ్‌కి అసలే వాడకూడదు. ఏ మరుగుదొడ్లో మురిక్కాలవో కట్టించి వదిలించుకోవాలి. దానికి పుణ్యం కూడా కోరుకోకూడదు. మా పెద్దోళ్లు అట్లానే చెప్పారు."

రహ్మాన్ సరేనని తలూపాడు. తర్వాత మంచం మీద కూర్చుని కరపత్రం వెనకున్న పట్టిక చూశాడు. యాభై వేలు అయిదేళ్లకు డెబ్బై ఏడు వేల చిల్లర అవుతుందని అందులో ఉంది. హజ్‌కి డెబ్బై వేలు దాటుతుందని అప్పటికే విన్నాడు. ఇకమీదట జీతంలో మిగిలింది ఇంటికి పంపాలి, అమ్మిన భార్య నగలు తిరిగి కొనాలి. మామూలుగా కూడబెడితే ఎన్నేళ్లకు తేలుతుందో తెలియదు. అమ్మ మోకాళ్లు ఇప్పటికే నేలమీంచి లేవనివ్వడం లేదు. ముందు అమ్మ వెళ్లిరానీ, పెరిగినదాన్ని తర్వాత నా జీతంలోంచి తీసి ఏ మురిక్కాలవకో ఇచ్చేస్తానని తనకు తానే సర్దిచెప్పుకుని పసుపు కాగితం వెంట వచ్చిన ఫారం నింపాడు. తల్లి మీద ప్రేమతోనే చేశాడు. ఆ మాట నేను అతని తరఫున ఎవరి ముందైనా చెబుతాను.

ఆ రోజుల్లో గల్ఫు ఇళ్లకు ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువగా వచ్చేవి. చదువు రాని తల్లులకు అదే ఉత్తరం. ఎవరైనా ఊరికి వస్తుంటే చేతికిచ్చి పంపేవాళ్లు. రహ్మాన్ ఆ నెల పంపిన క్యాసెట్లో ఒంట్లో బాగుందని చెప్పాడు, కూతురికి చెప్పుల కొలత పంపమన్నాడు, తర్వాత గొంతు సవరించుకుని, డబ్బు వడ్డీ లేని ఖాతాలో వేశానమ్మీ, నీ హజ్ డబ్బు పాలలా ఉంది, బెంగపడకు అన్నాడు. ఆమినాబీ ఆ క్యాసెట్ పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు, పట్టాలు తీసుకోవడానికి వచ్చే మేస్త్రీకి కూడా వినిపించింది. ఆ ఒక్క ముక్క దగ్గర టేపు వెనక్కి తిప్పి రెండోసారి పెట్టేదట.

అయిదేళ్లు గడిచాయి. రెండు వేల సంవత్సరం సెప్టెంబరులో డిపాజిట్ గడువు తీరింది. ఆ డబ్బు తల్లి పేరున ఖాతా తెరిచి అందులో వేయమని రహ్మాన్ మాకు రాశాడు. తొందర ఎందుకంటే ఆమినాబీ తమ్ముడు, బందరులో అత్తరు దుకాణం ఉన్నవాడు, ఆ ఏడాది తన ఖర్చుతో హజ్‌కి వెళ్తున్నాడు. మగతోడు లేకుండా ఆడవాళ్లను పంపరు. కొడుకుకు సెలవు దొరకదు. తమ్ముడితో వెళ్తేనే వెళ్లినట్టు. నెలాఖరులోగా డబ్బు కట్టాలి.

అలా ఆమినాబీ నా కౌంటరు ముందుకు వచ్చింది. నల్ల బురఖా, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు, గుడ్డలో చుట్టి. ఖాతా కాగితాల మీద ఆవిడ వేలిముద్ర వేయించాను. దబ్బనం పట్టి పట్టి బొటనవేలి గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడలేదు. మూడుసార్లు వేయించి, మీ వేలు మా సిరా తాగేస్తోందమ్మా అన్నాను. ఆవిడ నవ్వింది. పై పన్ను ఒకటి లేదు. చూడగానే నచ్చే ముఖం.

డబ్బు ఖాతాలో పడిందని చెప్పి మొత్తం డెబ్బై ఏడు వేల నాలుగు వందల అరవై అన్నాను. అదంతా ఒకేసారి వేశాడా అని అడిగింది. లేదు, మొదట వేసినప్పుడు యాభై అని నేను. ఆ తర్వాత మళ్లీ వేశాడా అంది. అప్పుడు నాకు హుషారొచ్చింది. చదువురాని మనిషికి విడమరచి చెప్పే అవకాశం దొరికితే నన్ను ఆపడం కష్టం. ఒక చీటీ తీసుకుని, పైన యాభై వేలు, కింద ఇరవై ఏడు వేల నాలుగు వందల అరవై అని రాసి గీత గీశాను.

"మీవాడు వేసింది ఇదమ్మా. ఇది మేం కలిపిన వడ్డీ. మీవాడి డబ్బు మా దగ్గర పిల్లల్ని పెట్టింది."

ఆవిడ చీటీ తీసుకుని చూస్తూ కూర్చుంది. చదువు రాదు గదా, ఏం చూస్తుందిలే అనుకుని నేను పక్కవాళ్ల పని చూసుకున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే అక్కడే ఉంది. బుట్టలోంచి ఒక నోటుపుస్తకం అట్టముక్క తీసి నాకిచ్చింది. దాని మీద మస్కట్ వర్క్‌షాపు నంబరుంది. ఎప్పుడూ కొడుకే ఫోను చెయ్యడం, తను చెయ్యడం ఎరగదట. నంబరు నొక్కిపెడతావా అని అడిగింది. బ్యాంకు పక్కనే ఎస్‌టీడీ బూతు. భోజనాల టైము కావస్తోంది. సరే పదండి అని తీసుకెళ్లాను.

తల్లీకొడుకులు ఉర్దూలోనే మాట్లాడుకున్నారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, ఆమాత్రం నాకు అర్థమవుతుంది. అద్దాల గదిలో చోటు లేక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. రహ్మాన్‌ను వర్క్‌షాపులోంచి పిలిచి తెచ్చేసరికి మీటరు మీద చాలా అంకెలు తిరిగాయి. ఆవిడ కంగారు పడలేదు. డబ్బు అందిందని చెప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నాయనా, ఇదంతా నీ చేతుల కష్టమేనా? ఇందులో పెరిగింది ఏమన్నా ఉందా?"

అవతలి మాట నాకు వినబడలేదు. ఆవిడ రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. తర్వాత ఏదో చెప్పాడు. ఆవిడ మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా మెల్లగా, పసిపిల్లవాణ్ణి అడిగినట్టు.

"ఉంటే చెప్పు. నేనేమీ అనను."

మళ్లీ ఏదో చెప్పాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. సరే నాయనా, ఎండలో తిరక్కు, టైముకి తిను అని ఫోను పెట్టేసింది. బూతువాడు చెప్పిన డబ్బు చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది. అతను లేదన్నాడని, అది అబద్ధమని ఆవిడ ముఖం చూస్తేనే నాకు తెలిసింది. చీటీ రాసింది నేను, నంబరు నొక్కింది నేను, తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా అది వాళ్లింటి గొడవ, నాకెందుకు అనుకున్నాను. దాన్ని ఇంటి గొడవ చేసిందే నా చీటీ అని తట్టలేదు.

లోపలికి వచ్చాక డబ్బంతా తీసేస్తానంది. రెండు కట్టలుగా కట్టమంది. యాభై వేలు ఒకటి, మిగతాది ఒకటి. రెండూ ఒకదానికొకటి తగలకుండా వేరు వేరు సంచుల్లో పెట్టమంది. నేను క్యాషియరు దగ్గర్నుంచి తెచ్చి, యాభై వేల కట్టకు కాగితం చుట్టి, తేదీ ముద్ర కొట్టి, నా పొట్టి సంతకం పెట్టాను. రెండోది ఇంకో కాగితంలో చుట్టాను. అలా చుడుతూ నోరు ఊరుకోక, ఏమ్మా, అంటుకుంటే జబ్బేమైనా వస్తుందా వీటికి అన్నాను. క్యాషియరు ఏసుపాదం గారు గట్టిగా నవ్వారు. లైన్లో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని, ఒంటికి దూరంగా ఒకటి పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను ఆవిడను చూడడం అదే ఆఖరు. హజ్‌కి వెళ్లివచ్చి ఉంటుంది, ఖర్జూరాలు తెచ్చి ఇస్తుందేమో అని ఆ ఎండాకాలం రెండు మూడుసార్లు అనుకున్నాను కూడా.

మిగతాది రహ్మాన్ చెప్పగా విన్నది. ఆ ఏడాది అతని మేనమామ ఒక్కడే హజ్‌కి వెళ్లాడు. మోకాళ్లు బాగాలేవు, ఈసారికి వద్దులే అని తల్లి ఫోనులో చెప్పింది. అతను నమ్మాడు. నమ్మడం తేలిక గనుక నమ్మాను మేడం అన్నాడు నాతో. రెండు వేల ఒకటి మే నెలలో సెలవు మీద వచ్చాడు. వీధి మలుపులో ఆటో దిగగానే బుల్లెమ్మ అనే ముసలావిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. నీ కడుపు చల్లగుండ, ఇన్నాళ్లకు మా ఆడోళ్లకు మర్యాద తెచ్చిపెట్టావు నాయనా అంది. అప్పటిదాకా ఆ వీధి ఆడవాళ్లు తెల్లారకముందే కాలువ గట్టుకు వెళ్లేవాళ్లు. పగలు కడుపు నొప్పొస్తే చీకటిపడేదాకా ఓర్చుకునేవాళ్లు. ఇప్పుడు వీధి చివర రెండు గదులు, రేకు తలుపులు, నీళ్ల తొట్టి. సున్నం ఇంకా తెల్లగా ఉంది. ఎక్కడా ఎవరి పేరూ రాసి లేదు.

దాన్ని కట్టిన మేస్త్రీ కోటి ఆ పక్కనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రహ్మాన్‌ను చూసి లేచి వచ్చి, తన పనితనం చూపించుకుంటూ చెప్పాడు.

"మీ అమ్మగారు ముందే ఖరాఖండిగా చెప్పారండి. ఇరవై ఏడు వేల నాలుగొందల అరవై. ఇందులో ఒక్క రూపాయి మిగలడానికి లేదు, నేనొక్క రూపాయి కలపడానికి లేదు అన్నారు. ఆఖర్న అరవై రూపాయలు మిగిలితే రెండు మగ్గులు కొనిపించారండి. మీ పేరు రాయిస్తానంటే వద్దన్నారు."

తల్లి కాక ఆ వీధిలో ఆ అంకె ఏమిటో తెలిసినవాడు రహ్మాన్ ఒక్కడే. హబీబ్ గదిలో చెప్పిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. దొడ్లు కట్టించి వదిలించుకోవాలి, పుణ్యం కోరుకోకూడదు. సంచి భుజానికుండగానే అక్కడ నిలబడిపోయాడు. చుట్టూ మూగినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుంటున్నారు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించిందట.

ఇంట్లో తల్లి అన్నం పెట్టింది. తిన్నాక ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక సంచి తీసి ముందు పెట్టింది. లోపల నేను కాగితం చుట్టిన యాభై వేల కట్ట, తేదీ ముద్రతో, నా పొట్టి సంతకంతో, అలాగే ఉంది. ఒక్క నోటు కదల్లేదు.

"ఇది నీ కష్టం, నువ్వే ఉంచుకో. అది నీది కాదు, దాన్ని వీధిలో పెట్టాను," అంది.

అతను తల్లి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. నీకోసమే చేశానమ్మీ, తొందరగా పంపాలని చేశాను అన్నాడు. అది నాకు ఫోను చెయ్యకముందే తెలుసు అంది ఆవిడ. మరి ఈ యాభై వేలు నా కష్టమేగా, దీన్నెందుకు ముట్టలేదు, మిగతాది నన్ను అడిగితే వర్క్‌షాపులో చేబదులు తెచ్చి వారంలో పంపేవాణ్ణిగా అన్నాడు. ఆవిడ కంచం పక్కకు జరిపి జవాబు చెప్పింది.

"అడుగుదామనే ఫోను చేశాను నాయనా. ఉంది అని నువ్వంటే, దాన్ని తీసేసి తక్కువైంది నీ కష్టంలోంచి పంపు అందామని. రెండుసార్లు అడిగాను. నువ్వు లేదన్నావు. ఇక ఏది నిజమైన డబ్బని పట్టుకుని ఆ అల్లా ఇంటికి వెళ్లను?"

మర్నాడు పొద్దున అతను మగ్గు పట్టుకుని వీధి చివర లైన్లో నిలబడ్డాడు. ముందున్నవాళ్లంతా పక్కకు తప్పుకుని, ముందు మీరు వెళ్లండి, మీరు కట్టించిందేగా అన్నారు. వెళ్లక తప్పలేదు. ఆ సెలవు నెల్లాళ్లూ రోజూ అదే జరిగింది.

వచ్చే ఏడాది నేనే తీసుకెళ్తానని తల్లికి చెప్పి మస్కట్ వెళ్లాడు. ఆవిడ సరేనంది. ఆ ఏడాది వానాకాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడి పక్క పనిచేయలేదు. రెండు వేల మూడులో పోయింది. హజ్ కాలేదు.

రెండు వేల నాలుగులో రహ్మాన్ మస్కట్ వదిలేసి వచ్చేశాడు. షాపు పెట్టుకోవడానికి ఖాతా కావాలని నా కౌంటరుకు వచ్చాడు. పేరు చెప్పగానే నాకు ఆవిడ బుట్ట, అరిగిన బొటనవేలు గుర్తొచ్చాయి. అమ్మగారు బాగున్నారా, హజ్ చేసొచ్చారా అని నా అలవాటు ప్రకారం గట్టిగా అడిగేశాను. అప్పుడు చెప్పాడు ఇదంతా. లంచ్ టైము దాటిపోయింది. నేను కౌంటరు మీద బోర్డు తిప్పి పెట్టి విన్నాను. వింటున్నంతసేపూ ఆ రోజు నేను వేసిన జోకు, లైన్లో వాళ్ల నవ్వు నా చెవుల్లో వినబడుతూనే ఉన్నాయి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరికి చెప్పాను. ఆ చీటీ రాసిచ్చింది నేనేనయ్యా, పసుపు కరపత్రం కూడా నాదే అన్నాను. అతను సంచిలోంచి ఆ కట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు. కట్టకు చుట్టిన కాగితంలో మడతపెట్టి దోపిన చీటీ ఉంది. యాభై వేలు, గీత, ఇరవై ఏడు వేల నాలుగు వందల అరవై. నీలం సిరా కొంచెం అలుక్కుపోయింది.

"తెలుసండి. కట్ట మీద సంతకమూ, చీటీలో రాతా, మీ ముందున్న కాగితాల మీది రాతా ఒకటే. మీ మీద నాకేం కోపం లేదు మేడం. ఆ రోజు మా అమ్మీకి నిజం చెప్పింది మీరొక్కరే," అన్నాడు.

అతను కట్టను నా వైపు జరిపాడు. తల్లి పేరున వేరే ఎవరినైనా హజ్‌కి పంపవచ్చని మామయ్య చెప్పాడట. ఆవిడ వద్దని పక్కన పెట్టిన డబ్బుతో పంపడానికి తనకు చేతులు రాలేదట. ఖర్చు పెట్టలేడు, ఎవరికీ ఇవ్వలేడు, ఇంట్లో పెట్టుకుంటే నిద్ర రాదు.

"మొదటి ఖాతా ఎంచుకోవడమే నాకు చేతకాలేదండి. ఇంతమందికి తెరిచారు, మీరే చెప్పండి. దీన్ని ఏ ఖాతాలో వెయ్యాలి?"

ఫారాల సొరుగు తెరిచాను. సేవింగ్స్, కరెంటు, ఫిక్స్‌డ్, అన్ని రంగుల కాగితాలూ వరసగా ఉన్నాయి. ఒకటి పట్టుకున్నాను, వదిలేశాను. ఇంకొకటి తీశాను, మళ్లీ లోపల పెట్టాను. అతను తొందరపడకుండా నిలబడ్డాడు. వెనక లైను పెరిగి తలుపు దాకా వెళ్లింది, ఎవరో గొణుగుతున్నారు. సొరుగు మూసేసి, ఆ కట్టను రెండు చేతులతో తీసి అతని చేతిలోనే పెట్టాను. తర్వాత ఎవరు అని పిలవకుండా, అతను మెట్లు దిగేదాకా చూస్తూ నిలబడ్డాను.